కడుపున్న రాయి

నా పేరు సువార్తమ్మ. మంచి కబురు అని దాని అర్థం. మా అమ్మను మట్టి చేసి వచ్చిన రోజే మా అవ్వ నాకు ఈ పేరు పెట్టింది. అంత ఏడుపులో ఆ పేరు ఎట్లా తోచిందో ఆమెకే తెలియాలి. పెద్దదాన్నయ్యాక అడిగితే, పుట్టినదానికి ఏదో ఒక పేరుండాల గదా అని విసుక్కుంది.

మా అమ్మ పేరు ఆదెమ్మ. నేను ఆమెను చూడలేదు. ఆమెకొక ఫోటో కూడా లేదు. ఆమె గుర్తు ఏదైనా చూడాలంటే నంద్యాల పోవాలి. ఊరి చివర ఒక చిన్న ఆర్‌సీఎం గుడి ఉంది, రోమన్ కేథలిక్కులది. అందులో పీఠం పక్కన నల్లరాతి మరియమ్మ నిలబడి ఉంటుంది. చెక్కింది ఆళ్లగడ్డ గురుస్వామి ఆచారి. సానబట్టి నున్నగా చేసింది మా అమ్మ. ఆ నునుపు తప్ప ఈ లోకంలో ఆమెది ఇంకేమీ మిగల్లేదు.

ఆమె గురించి ముగ్గురు నాకు మూడు రకాలుగా చెప్పారు. మా అవ్వ సారమ్మ, అమ్మను కన్నతల్లి, తిట్టుకుంటూ చెప్పింది. మా నాయన మద్దిలేటి మొదలుపెట్టి, మధ్యలో బీడీ ముట్టించుకుని, ఇక అంతే. గురుస్వామి పద్దెనిమిదేళ్లు నోరు విప్పలేదు. విప్పిన రోజు మాత్రం ఏదీ దాచుకోలేదు. ఆ మూడూ కలిపి నేను ఇది రాస్తున్నాను. అక్కడక్కడా నా కోపం కూడా కలిసి ఉంటుంది, దానికి నేను చేసేదేమీ లేదు.

ఆళ్లగడ్డలో రోడ్డుకు అటూ ఇటూ విగ్రహాలు చెక్కే కొట్టాలు. తెల్లారితే ఉలి చప్పుడు, పొద్దు గుంకేదాకా రాతి దుమ్ము. మాది ఊరి బయట పాళెం. అమ్మ చిన్నప్పటినుంచీ గురుస్వామి కొట్టంలో పనికి పోయేది. ఆచారి ఉలి దించేసరికి విగ్రహం గరుకుగా ఉంటుంది. దాని మీద నీళ్లు పోస్తూ, ముందు ముతక సానరాయితో, తర్వాత సన్న సానరాయితో రోజుల తరబడి రుద్దాలి. రుద్ది రుద్ది ఆమె వేళ్ల మీది గీతలు అరిగిపోయాయని అవ్వ చెప్పేది.

ఆమె సానబట్టిన నరసింహస్వాములు, ఆంజనేయులు, ఎల్లమ్మలు ఎన్ని ఊళ్లలో పూజలు అందుకుంటున్నారో. వాళ్లలో ఒక్కరి గుడి గడప కూడా ఆమె దాటలేదు. కొట్టంలో ఉన్నంతకాలం దేవుడి ముక్కూ చెవులూ ఆమె చేతి కిందే. ఆచారి ఉలితో దేవుడికి కళ్లు తెరిపించి, పూజ చేసి బండెక్కించాక మాత్రం ఆమె నీడ పడినా మైలే. అవ్వకు ఇదొక ఎగతాళి. నువ్వు నీళ్లు పోస్తే దేవుడు, నువ్వు తాకితే మైల, ఏం బతుకే నీది అనేది. అవ్వవాళ్లది ఆర్‌సీఎం కాదు, వాళ్ల చర్చిలో బొమ్మలుండవు, గోడ మీద సిలువ ఒక్కటే. బొమ్మల పనికి పోయే కూతురంటే ఆమెకు మొదటినుంచీ మంటే.

ఆ మంట మీద ఇంకొంచెం నూనె పోసినట్టు, అమ్మ ఆర్‌సీఎం సంబంధం చేసుకుంది. మా నాయన పేరు మద్దిలేటి నరసింహస్వామిది, మెడలో జపమాల మరియమ్మది. మా పక్క అదేం వింత కాదు. ఆయన బేతంచెర్ల బండలు తోలే లారీకి డ్రైవరు. పెళ్లయ్యాక అమ్మ నాయనతోపాటు నంద్యాల గుడికి పోవడం మొదలుపెట్టింది. అక్కడ మద్రాసునుంచి తెచ్చిన సున్నపు బొమ్మ ఒకటుండేది, రంగు పెచ్చులూడిపోయిన మరియమ్మ. జనం పోయి ఆ బొమ్మ పాదాలు తాకి కళ్లకద్దుకుంటుంటే అమ్మ మొదటిసారి నిలబడిపోయిందట. దేవుడి గుడిలో, పూజలో ఉన్న బొమ్మను, తనలాంటివాళ్లు తాకుతున్నారు. నాయన భుజం పట్టి ముందుకు తోస్తేగాని ఆమె చెయ్యి చాచలేదు.

రెండుసార్లు కడుపు నిలిచింది. రెండుసార్లూ పోయింది. బొమ్మలు తోమే చేతులకు బిడ్డలెట్ల నిలుస్తారని అవ్వ అంది. ఎవరు ఏమన్నా అమ్మ పనికి పోయి రాయి రుద్దేది. డెబ్బై ఒకటిలో, ఎండలు ముదిరే కాలంలో, మళ్లీ నెల తప్పింది. ఈసారి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పుకుంటే పోతుందని భయం. ఇంకొక భయం కూడా ఉంది. కడుపుతో ఉన్న మనిషి చెక్కుతున్న రాయిని తాకకూడదని కొట్టాల్లో కట్టడి. తెలిస్తే గురుస్వామి రావద్దంటాడు.

సరిగ్గా ఆ నెలలోనే ఫాదరు రాజరత్నంగారు నంద్యాలనుంచి బస్సులో వచ్చి కొట్టం ముందు దిగారు. సున్నపు బొమ్మ పాడైపోయింది, మాకొక రాతి మరియమ్మ కావాలి అన్నారు. ఎట్లాంటి మరియమ్మ కావాలో ఆయనకు బాగా తెలుసు. చంకలో బిడ్డ ఉండకూడదు. నెత్తిన కిరీటం ఉండకూడదు. మంగళవార్త పండుగనాటి మరియమ్మ కావాలి. దేవదూత వచ్చి, నీకు బిడ్డ పుడతాడు, ఆయన దేవుడి కుమారుడు అని చెప్పిపోయిన గడియలో ఆ పిల్ల ఎట్లా నిలబడి ఉంటుందో అట్లా. ఒక చెయ్యి కడుపు మీద ఉండాలి.

బిడ్డ యాడ అని గురుస్వామి అడిగాడట. లోపల అన్నారు ఫాదరు. మొగుడెవరని ఆచారి అడిగాడు. ఫాదరు ఓపికగా చెప్పారు. మనువు కుదిరిన పిల్లే గాని మగవాడి ఎరుక లేని పిల్ల, పవిత్రాత్మ వల్ల గర్భం దాల్చింది, లోకాలు చేసిన దేవుడే ఆమె కడుపులో మనిషి మాంసం కట్టుకున్నాడు. ఆచారికి అందులో వింతేమీ కనపడలేదు. మా దేవుళ్లు కూడా దిగొచ్చినోళ్లే, వచ్చిన పని చూసుకొని పోయినారు అన్నాడు. ఈయన ఆకలితో ఏడ్చే పసిబిడ్డగా వచ్చి, మనందరి కోసం చచ్చిపోయాడని ఫాదరు అన్నారు. గురుస్వామి చేతిలోని సుత్తి కింద పెట్టాడట. చచ్చేదానికే పుట్టినాడా అన్నాడు.

సానరాళ్లు కడుగుతూ మా అమ్మ ఇదంతా వింది. ఆమె చెయ్యి అప్పటికే కొంగు చాటున కడుపు మీద ఉండి ఉంటుంది. తను తోమే దేవతల్లో, గుడికెక్కిన తర్వాత కూడా తను తాకగలిగేది ఈమె ఒక్కతే. ఈమెను నా చేతుల్తో నున్నగా చేస్తే నా కడుపును ఈమె నిలబెడుతుంది అనుకుంది. నాయనతో ఈ మాట ఆమే చెప్పింది, చాలా రోజుల తర్వాత.

ఇక్కడ రాయి సంగతి చెప్పాలి. దేవతా విగ్రహానికి రాయి ఎంచేటప్పుడు ఆచారులు ముందు సుత్తితో తట్టి చప్పుడు వింటారు. గంటలా మోగితే మగరాయి, అందులో దేవుణ్ణి చెక్కుతారు. మెత్తగా పలికితే ఆడరాయి, అందులో అమ్మవారిని. తర్వాత ఏవో ఆకులు పాలతో నూరి, రాయికి పట్టించి, తెల్లారేదాకా వదిలేస్తారు. పొద్దున కడిగితే, లోపల ఏదైనా ఉంటే పైన గుండ్రంగా మచ్చ తేలుతుంది. కప్పో, తేలో, నీళ్లో, లోపల ప్రాణం చిక్కుకుని ఉందని అర్థం. దాన్ని గర్భమున్న రాయి అంటారు. అట్లాంటి రాతిలో దేవతను చెక్కరు. చెక్కితే, దాని మీద చెయ్యి వేసిన వాళ్ల ఇంట్లో ఒక ప్రాణం పోతుందని తాత ముత్తాతల మాట.

గురుస్వామి మరియమ్మ రాయిని తట్టి చూశాడు. ఆడరాయే. కాని పసరు పట్టించలేదు. అది కిరస్తానమోళ్ల బొమ్మ, వాళ్లకు మన శాస్త్రం పట్టింపు ల్యా, అభిషేకం ల్యా, ప్రాణప్రతిష్ఠ ల్యా, ఎందుకు ఊరికే ఆలస్యం అనుకున్నాడు. మన అమ్మవారైతే ఆ తప్పు జన్మలో చేసేవాడు కాదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఆయన ఆ ఒక్కసారే తొక్కాడు.

చెక్కడం ఆషాఢం దాకా సాగింది. తర్వాత విగ్రహం అమ్మ చేతికి వచ్చింది. ముఖం, భుజాలు, చీర మడతలు బాగానే కుదిరాయి. కడుపు దగ్గరికి వచ్చేసరికి ఏదో తేడా. అక్కడ రుద్దితే చప్పుడు వేరుగా వచ్చేది, మూత పెట్టిన కుండ మీద రుద్దినట్టు. మిగతా రాయి ఎండకు గడియలో ఆరిపోతే ఆ చోటు మాత్రం చెమ్మగానే ఉండేది. ఒకరోజు సన్న సానరాయి పట్టి, నీళ్లు పోసి తుడిచేసరికి, మరియమ్మ అరచేతి కింద గుండ్రటి మచ్చ తేలింది. రొట్టె పెనమంత గుండ్రం, రాతి నలుపు కంటే ఇంకా నలుపు.

అమ్మ ఆ కొట్టంలో పెరిగిన మనిషి. అదేమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అప్పుడే లోపల నేను మొదటిసారి కదిలానట. చేతిలో సానరాయి జారి కాలి మీద పడింది, గోరు పగిలింది. ఇంటికొచ్చి నాయనతో రాయి జారిందని మాత్రం చెప్పింది.

చెప్తే ఆచారి విగ్రహాన్ని పగలగొడతాడు. తను తాకగలిగే ఒక్క దేవతా పోతుంది. కడుపు సంగతి కూడా బయటపడుతుంది. చెప్పకపోతే ఆ మచ్చ కింద ఏముందో దాన్ని రోజూ తన చేత్తో రుద్దాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆమె చెప్పలేదు. మచ్చ తడిలోనే కనపడుతుంది, ఆరితే పోతుంది. అందుకని ఆచారి వస్తున్నాడంటే చీర కొంగుతో ఆ చోటు గబగబా తుడిచేసేది. ఎంత తుడిచినా అడుగున కొంచెం చెమ్మ మిగిలేది. తను అక్కడ రుద్దినప్పుడల్లా లోపల బిడ్డ తన్నుతోందని, మానేస్తే ఊరుకుంటోందని ఆమె గమనించింది. దాంతో ఆమెకు నిద్ర కరువైంది. నడిరాత్రి లేచి కూర్చుని కడుపు పట్టుకుని చెవి ఒగ్గి ఏదో వినేదని నాయన చెప్పాడు.

శ్రావణంలో ఫాదరు పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని వచ్చారు. గురుస్వామి భోజనానికి పోయాడు. కొట్టంలో అమ్మ ఒక్కతే ఉంది. ఈ మాటలు ఫాదరే తర్వాత నాయనకు చెప్పి ఏడ్చారు కాబట్టి ఉన్నదున్నట్టు రాయగలుగుతున్నాను.

"ఫాదరూ, ఆ యమ్మను ఎవరన్నా అడిగినారా?" అంది అమ్మ.

"అడిగారమ్మా. దేవుడు దూతను పంపింది అడిగేదానికే. ఆమె నోటినుంచి సరే అనే మాట వచ్చేదాకా దేవుడు కూడా కాచుకున్నాడు. ఆమె ఒప్పుకుంటేనే ఆయన మనిషయ్యాడు."

"బిడ్డను కొయ్యకు కొడతారని దూత చెప్పినాడా?"

"అప్పుడు చెప్పలేదు. బిడ్డ పుట్టినాక గుడికి తీసకపోతే ఒక ముసలాయన చెప్పాడు, నీ గుండెలో కత్తి దిగుతాదమ్మా అని."

"అంటే దూత సగమే చెప్పినాడు." అమ్మ రాయి రుద్దడం ఆపింది. "అంతా ముందే చెప్పింటే ఆ యమ్మ ఒప్పుకునేదా?"

"ఒప్పుకునేది."

"మీకెట్ల తెలుసు?"

అమ్మ ఆయనకు మచ్చ చూపించింది. చెంబుతో నీళ్లు పోసి మరీ చూపించింది, ఆచారులు ఏమంటారో చెప్పింది. ఫాదరు నవ్వారు. రాయి రాయేనమ్మా, రాయికి ప్రాణం తీసే శక్తి ఎక్కడిది, నాకైతే దేవుడే అక్కడ గుర్తు పెట్టినట్టు అందంగా కనపడుతోంది అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. మంచి మనసున్నవాళ్ల మీద కోపం తెచ్చుకోవడం కష్టం, అయినా నేను తెచ్చుకున్నాను. భయపడుతున్న మనిషితో భయపడకు అనడం సులభం. ఎందుకు భయపడుతున్నావమ్మా అని ఇంకొక్క మాట ఆయన అడిగి ఉంటే, కొంగు పక్కకు జరిపి చూపించేది గదా.

మరియమ్మ పుట్టినరోజు పండుగ సెప్టెంబరులో. దానికి నాలుగు రోజుల ముందు విగ్రహం నంద్యాల చేరాలి. నాయనే లారీ తెచ్చి కొట్టం బయట పెట్టాడు. అమ్మకు అప్పటికి ఆరు నిండి ఏడో నెల. బక్క మనిషి, వదులుగా కట్టుకునే చీర, కొట్టంలో ఎవరికీ తెలియలేదు. ఇంట్లో తెలిసినప్పుడు అవ్వ చేసిన గోల మాత్రం పాళెం అంతా విన్నదే. దేవుడు రెండుసార్లు చెంప మీద కొట్టినా నీకు బుద్ధి రాల్యా, మళ్లా ఆ బొమ్మ కాడికే పోతావా అని గడపకు అడ్డం కూర్చుంది. అమ్మ ఆమెను దాటుకుని పనికి పోయింది.

ఆ పొద్దున ఏం జరిగిందో నాయన లారీ మీదనుంచి, తాళ్లు సర్దుతూ, గోడ మీదుగా చూశాడు. విగ్రహాన్ని సాగనంపే ముందు గురుస్వామి అలవాటు ప్రకారం కడవతో నీళ్లు తెచ్చి తలనుంచి పాదాలదాకా పోశాడు. మరియమ్మ కడుపు మీద మచ్చ తేలింది. ఆచారి కడవ అక్కడే వదిలేశాడు. అది పగిలిన చప్పుడుకు ఉలులన్నీ ఆగిపోయాయి. అందరినీ బయటికి పొమ్మన్నాడు. అమ్మను ఒక్కదాన్నే ఉండమన్నాడు. నీకు కనపడలేదా అని అరిచాడట, కనపడిందని అమ్మ చెప్పిందట. అంతవరకు బయటికి వినిపించింది.

తర్వాత ఆయన మూలనుంచి సమ్మెట తీశాడు. పైకెత్తాడు. అమ్మ పోయి విగ్రహానికి అడ్డం నిలబడింది. గాలికి కొంగు పక్కకు పోయింది. అప్పుడు చూశాడు గురుస్వామి, రాతి మనిషి చెయ్యి కడుపు మీద, దాని ముందు బతికున్న మనిషి చెయ్యి కడుపు మీద. సమ్మెట అట్లే గాలిలో ఆగిపోయింది. ఆయన దాన్ని దించి, రాతి మచ్చను వేలితో చూపించి, తర్వాత అమ్మ కడుపును చూపించి, తర్వాత అమ్మ ముఖాన్ని చూపించి, చిన్న గొంతుతో ఏదో చెప్పాడు. అమ్మ ఏదో అడిగింది. ఆయన చెప్పాడు. అమ్మ మళ్లీ చిన్న మాట ఒకటి అంది. ఆచారి సమ్మెట అవతల పారేసి, మనుషుల్ని పిలిచి విగ్రహాన్ని లారీకెత్తించాడు. ఆ మాటలేమిటో నాయనకు వినపడలేదు. అమ్మను అడిగితే ఏమీ లేదంది.

ఆ రోజునుంచి గురుస్వామి ఆ ఏడాదంతా ఉలి పట్టలేదు. కొట్టం మూసుకుని కూర్చున్నాడు. ఆచారి శాపం పెట్టినాడు, నా బిడ్డ కడుపు మీద శాపం పెట్టినాడు అని అవ్వ అందరికీ చెప్పుకుంది. నేనూ ఆ మాట నమ్మే పెరిగాను.

అమ్మ మాత్రం ఆ మూడు నెలలూ నెమ్మదిగా ఉందట. నిద్రపట్టింది. రాత్రిళ్లు లేచి కూర్చోవడం మానేసింది. పాత చీరలు చింపి గుడ్డలు కుట్టింది. గుక్కెడు పాలైనా ఉండాలని పాలిచ్చే మేకనొకదాన్ని కొనమని నాయన వెంటబడి కొనిపించింది. నీకు పాలుండవా ఏందీ అని అవ్వ అడిగితే, ఉంటాయో ఉండవో, ఉండనీ అంది. ఒకరోజు అవ్వ తల దువ్వుతూ ఉన్నట్టుండి, బిడ్డను నువ్వే సాకాలమ్మా, ఏ చర్చికన్నా తీసకపో, నేనేమీ అనను అందట. అవ్వకు ఒళ్లు మండి దువ్వెన విసిరికొట్టింది.

డిసెంబరు మొదట్లో తుఫాను పట్టింది. గడియ తెరిపి లేని వాన. ఆ వానలో పొద్దున్నే నేను పుట్టాను, మా పాళెం ఇంట్లో, అవ్వ చేతుల్లో. పుట్టగానే గట్టిగా ఏడ్చానట. అందరూ నవ్వారట. ఆ తర్వాత అమ్మకు రక్తం ఆగలేదు. మంత్రసాని చేతులెత్తేసింది. నాయన లారీ తెచ్చి, బండలు దింపే గోనెసంచులు పరిచి, అమ్మను ముందు సీట్లో పడుకోబెట్టి నంద్యాల బయలుదేరాడు. నన్ను అవ్వ ఒళ్లో వదిలేశారు.

దారిలో వాగు రోడ్డెక్కి పారుతోంది. ఇటుపక్క నాలుగు బస్సులు, అటుపక్క నాలుగు బస్సులు, మధ్యలో ఎర్ర నీళ్లు. నాయన దిగి మోకాళ్లదాకా పోయి, నడుందాకా పోయి, వెనక్కి వచ్చాడు. మళ్లీ పోయాడు, మళ్లీ వచ్చాడు. గోనెసంచుల్లోంచి రక్తం కారి లారీ మెట్టు మీదికి వచ్చింది, వానకు కడుక్కుపోతూ ఉంది. నీళ్లు ఇంకాసేపట్లో తగ్గుతాయని ఎవరో అంటూనే ఉన్నారట. మధ్యాహ్నం దాటింది.

అమ్మ కళ్లు తెరిచి ఒకే మాట అడిగింది. "బిడ్డ ఏడ్చినాదా?"

ఏడ్చింది, గట్టిగా ఏడ్చింది అని నాయన చెప్పాడు. అయితే సరే అందట. నాయన కథ ఎప్పుడూ ఇక్కడే ఆగేది, ఇక్కడే బీడీ ముట్టించేవాడు. నీళ్లు తగ్గేసరికి సాయంత్రమైంది. అప్పటికి లారీని ముందుకు కాదు, వెనక్కి తిప్పాల్సి వచ్చింది.

రాయి మింగేసిందని ఊరంతా అనుకున్నారు. నన్ను మేకపాలతో అవ్వ సాకింది. తన చర్చికి తీసుకుపోయింది, నంద్యాల గుడి వైపు తలెత్తి చూడనివ్వలేదు. పాళెంలో కడుపుతో ఉన్న ఆడవాళ్లు కొందరు నేను ఎదురొస్తే పక్కకు తప్పుకునేవాళ్లు. ఇంకొందరు బస్సెక్కి నంద్యాల పోయి, ఆ మరియమ్మ కడుపు మీద చెయ్యి పెట్టి మొక్కుకుని వచ్చేవాళ్లు. చేతుల చెమటకో, కొవ్వొత్తుల జిడ్డుకో, మచ్చ ఇప్పుడు ఆరినా కనపడుతోందని వాళ్లు చెప్పుకునేవాళ్లు. ఒకే రాయి. కొందరికి భయం, కొందరికి ఆశ. నాకు మాత్రం ఒళ్లు మంట.

ఎనభై తొమ్మిదిలో అవ్వ పోయింది. మట్టి కార్యానికి గురుస్వామి వచ్చి దూరంగా నిలబడ్డాడు. ముసలాయన, కళ్లకు పొరలు కమ్మాయి. ఇన్నేళ్లు మా గడప తొక్కని మనిషి అవ్వ పోయాకే ఎందుకు వచ్చాడో, ఆమె తిట్లు విని పెరిగిన నాకు అర్థమైంది. మర్నాడు కొట్టానికి పోయాను. మా అమ్మకు ఏం శాపం పెట్టినావప్పా అని నిలబడే అడిగాను.

ఆయన నా గొంతు విన్నాడు. నన్ను దగ్గరికి రమ్మని, అరచేతిని నా ముఖం మీద పెట్టి తడిమాడు, రాతిని తడిమినట్టు.

"శాపం కాదు బిడ్డా. మా నాయన నాకు చెప్పిన మాట చెప్పినా. కడుపున్న రాయిని కడుపున్న మనిషి ముందర పగలగొడ్తే ఆ కడుపు పోతాది. పగలగొట్టక వదిలేస్తే ఆ తల్లి పోతాది. రెండిట్లో ఒగటే నిలుస్తాది. ఆ మాట చెప్పి, పగలగొట్టేస్తా మ్మే, నీకు ఈడుంది, మళ్లా కంటావు అన్నాను. నిజ్జంగానా అప్పా అని అడిగింది. మా తాతలనుంచి వచ్చిన మాట అన్నాను."

రాయి చంపలేదు, వాగు మీద మంచి బ్రిడ్జి లేక చచ్చిపోయింది, రక్తం ఎక్కించేవాళ్లు లేక చచ్చిపోయింది అని అరిచాను. ఇప్పటికీ నేను అనేది అదే. ఎవరి ముందరైనా అంటాను.

"అయ్యుండొచ్చు బిడ్డా," అన్నాడు గురుస్వామి. "ఆ పొద్దు మీ యమ్మకు అది తెలీదు గదా."

మేక, చింపి కుట్టిన గుడ్డలు, అవ్వ విసిరికొట్టిన దువ్వెన, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందు తిరిగాయి. ఆ మూడు నెలలూ ఆమె ఎందుకు నిద్రపోగలిగిందో తెలిసింది. ఆమె ఎదురుచూడాల్సింది తన చావుకు మాత్రమే, నా చావుకు కాదు.

"అప్పుడు ఏమనింది?" అని అడిగాను.

ఆయన చెప్పాడు. నేను ఆ మధ్యాహ్నమే నంద్యాల బస్సెక్కాను. వాగు మీద కొత్త బ్రిడ్జి పడింది, బస్సు ఆగకుండా దాటిపోయింది. గుడి తలుపులు తెరిచే ఉన్నాయి. రాజరత్నం ఫాదరు ఎప్పుడో బదిలీ అయిపోయారు, లోపల ఎవరూ లేరు. మరియమ్మ నా కంటే పొట్టి. ఆమె చేతి కింద మచ్చ, విన్నట్టే, ఆరినా కనపడుతోంది. దాని మీద అరచెయ్యి పెట్టాను. నున్నగా ఉంది, కొంచెం చెమ్మగా ఉంది. చెయ్యి తీయబుద్ధి కాలేదు.

అంతా ముందే చెప్పింటే ఆ యమ్మ ఒప్పుకునేదా అని మా అమ్మ ఫాదరును అడిగింది. ఒప్పుకునేదన్నారు గాని, ఎట్లా తెలుసో ఆయన చెప్పలేకపోయారు. మరియమ్మకు దూత సగమే చెప్పాడు. మా అమ్మకు గురుస్వామి మొత్తం చెప్పాడు, సమ్మెట చేతిలో పట్టుకుని చెప్పాడు. ఆమె కాసేపు రాతి ముఖం వైపు చూసి, "సరే అప్పా, లారీకెత్తించు" అందట.